గడప దాటని రేగడి

అనగనగా ఒక ఊళ్ళో, ఏ ఊరని మాత్రం అడక్కు, అడిగావంటే కథ అక్కడే ఆగిపోతుంది, సూరాయమ్మ అని ఒకావిడ ఉండేది. తుంగచాపలు అల్లి అమ్ముకునేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఆవిడకి ఉన్నదల్లా ముగ్గురు. జున్ను అనే పిల్లి, దొరసాని అనే బాతు, రేగడి అనే నల్లకుక్క. బాతుకి దొరసాని అని పేరేంటంటావా? దాని నడక చూస్తే నువ్వూ అదే పేరు పెడతావు.

ఊఁ కొట్టు మరి. ఊఁ కొట్టకపోతే నేను గోడకి చెబుతున్నట్టుంటుంది.

ఒకరోజు ఎక్కణ్ణించో పిచ్చికుక్క వచ్చి ఊరిపెద్ద అల్లుణ్ణి కరిచింది. అంతే! ఊళ్ళో కుక్క అన్నది కనిపించకూడదని చాటింపు వేశారు. కరిచింది ఒకటి, శిక్ష అన్నిటికీ. అదేం న్యాయమో!

మొదటిరోజు కుక్కలబండి పైవీధికి వచ్చింది. సాయంత్రానికి పైవీధిలో మొరుగుడన్నదే లేదు. రెండోరోజు నడిమివీధికి వచ్చింది. ఆ తర్వాత అక్కడా లేదు. తెల్లారితే మూడోరోజు, సూరాయమ్మ ఉండే చివరివీధి వంతు. ఆవిడ అన్నం కలుపుకుంది గానీ ముద్ద దిగలేదు. రేగడి మాత్రం ఏమీ ఎరగనట్టు అరుగు మీద పడుకుని తోకతో ఈగల్ని తోలుకుంటోంది.

అప్పుడు చాపలు కొనడానికొచ్చిన బేరగాడు ఒక మాట చెప్పాడు. "అమ్మా, ఏటికి అవతల ఒక పట్నం ఉంది. మూగజీవాల్ని సాకేవాళ్ళకి అక్కడ పిలిచి ఇల్లిస్తారు. ఇక్కడుంటే దీన్ని దక్కించుకోలేవు."

ఇంకేం ఆలోచిస్తుంది? తెల్లారగట్ల కోడి కూయకముందే బయల్దేరింది. పిల్లి వెనక్కి దారి పట్టకుండా సంచిలో వేసి మూతి కట్టింది. బాతుని గంపలో పెట్టి నెత్తికెత్తుకుంది. రేగడి మెడకి తాడు కట్టి చేత్తో పట్టుకుంది. దారంతా భయమే. బండి చప్పుడైతే భయం, మనిషి దగ్గితే భయం, రేగడి మొరిగితే మరీ భయం. "ఒక్కపూట నోరు మూసుకోవే నా తల్లీ" అని దాని గడ్డం పట్టుకు బతిమాలింది. ఏరు దాటాక గానీ ఆవిడకి ఊపిరాడలేదు.

పట్నం చూస్తే నిజంగానే బేరగాడు చెప్పినట్టే ఉంది. వీధి వీధికీ నీళ్ళతొట్టి, కుక్కలు తాగడానికి. కిటికీ కిటికీకీ ఓ పిల్లి. ఎవరినీ ఎవరూ ఛీ ఫో అనడం లేదు. హమ్మయ్య అనుకుంది సూరాయమ్మ.

అక్కడ ఒక వీధిపెద్ద, కామాక్షయ్య అని, తెల్లమీసాల మనిషి, ఎదురొచ్చి ఓ చిన్నిల్లు చూపించాడు. చూపించి, "తల్లీ, మా పట్నంలో ఒక కట్టుబాటుంది" అన్నాడు. "కొత్తింట్లోకి ముందు ఆవుని నడిపిస్తారు చూడు, అలాగే ఇక్కడ ఎవరి జీవాలు వాళ్ళింట్లోకి నడిచి వెళ్ళాలి. ఎత్తుకోకూడదు, లాగకూడదు, తాడు కట్టకూడదు. పొద్దు గుంకేలోగా గడప దాటి వస్తే నీవి. రాకపోతే పట్నమే ఉంచుకుంటుంది. మళ్ళీ నీకివ్వదు."

"అదేం కట్టుబాటు బాబూ?"

"కొట్టి హింసించేవాళ్ళూ వస్తుంటారమ్మా. ఆ సంగతి నోరులేని జీవం ఎలా చెప్పుకుంటుంది?"

సూరాయమ్మకి నవ్వొచ్చింది. నా వెనక రాకపోవడమా ఇవి, అనుకుంది.

సంచి మూతి విప్పింది. జున్ను ఒళ్ళు విరుచుకుని, మూల మూలా వాసన చూడటానికి లోపలికి పోయింది. గంప దించింది. దొరసాని అటూ ఇటూ చూసి, ఇల్లు తనదే అన్నట్టు ఊగుతూ పోయింది. ఆ తర్వాత రేగడి మెడ తాడు విప్పింది. రేగడి గబగబా పరిగెత్తుకొచ్చి, సరిగ్గా గడప ముందు ఆగిపోయింది. ఆగి, కూచుంది.

ఎందుకంటావా? చెబుతా, దగ్గరికి జరుగు.

రేగడి చిన్నపిల్లప్పుడు మూడుసార్లు గడప దాటి ఇంట్లోకొచ్చింది. మూడుసార్లూ సూరాయమ్మ చీపురు తిరగేసి కొట్టింది. కుక్క ఇంట్లోకి రావడమేంటి, గడపకి పసుపు రాసుకునే కొంపలో, అని. అందరూ చేసే పనేలే. ఆ రోజు నుంచి రేగడి గడప దాటింది లేదు. వానొచ్చినా అరుగే, చలేసినా అరుగే. ఎంత బుద్ధిమంతురాలో అని సూరాయమ్మ అందరికీ చెప్పుకుని మురిసిపోయేది.

ఇప్పుడా మురిపెమే గడపకి అడ్డంపడింది.

ముందు పెరుగన్నం కలిపి ఇంట్లో పెట్టింది. రేగడి చొంగ కార్చుకుంది గానీ కదల్లేదు. అప్పుడు "రావే బంగారూ, ఇక రావచ్చే, నేనే చెబుతున్నాగా" అంది. తోక ఊపింది గానీ కదల్లేదు. పొద్దు తాటిచెట్ల మీదికి దిగింది. భయంలో సూరాయమ్మ "వస్తావా రావా!" అని గట్టిగా అరిచింది. అక్కడే పప్పులో కాలేసింది. రేగడి చెవులు వాల్చేసి నేలకి కరుచుకుని ఇంకో బారెడు వెనక్కి పోయింది.

వీధిలో జనం మూగారు. కామాక్షయ్య మెల్లిగా అడిగాడు. "తల్లీ, దీన్ని కొట్టావా?"

లేదనొచ్చు. చూసినవాళ్ళెవరూ అక్కడ లేరు. కానీ రేగడి కళ్ళు ఆవిడ మీదే ఉన్నాయి.

"కొట్టాను బాబూ" అంది. ఏడుపొచ్చేసింది. "గడప దాటినందుకు కొట్టాను. ఆ దెబ్బ అది ఇంకా మర్చిపోలేదు."

కామాక్షయ్య తల దించుకున్నాడు. "పొద్దు ఇంకా మునగలేదు" అన్నాడు.

సూరాయమ్మ కళ్ళు తుడుచుకుంది. పక్కింటికి పోయి గునపం అడిగి తెచ్చింది. కొంగు బిగించి, గడప కింద గునపం పెట్టి ఒక్క పెట్టు పెట్టింది. చెక్క కిర్రుమంది.

"అయ్యో అయ్యో! కొత్తింటి గడప పీకుతావా?" అని పక్కింటావిడ లబలబలాడింది. "లక్ష్మి నిలుస్తుందా నీ ఇంట్లో?"

"నా లక్ష్మి బయట కూచుని వణుకుతోందమ్మా. ముందు దాన్ని లోపలికి రానీ" అంది సూరాయమ్మ.

రెండో పెట్టు. మూడో పెట్టుకి గడప ఊడొచ్చింది. దాన్ని అవతల పారేసి, మట్టి చదును చేసి, లోపలికెళ్ళి గోడకి ఆనుకుని కూచుంది. పిలవలేదు.

రేగడి లేచింది. గడప ఉండాల్సిన చోట వాసన చూసింది. ఏమీ లేదు, ఒట్టి మట్టి. ఒక కాలు ముందుకి పెట్టింది.

అప్పుడేమైందో తెలుసా? ఎన్నేళ్ళ అలవాటో, సూరాయమ్మ నోట "ఛీ" అనే మాట పెదాల దాకా వచ్చేసింది! గబుక్కున రెండు చేతులతో నోరు నొక్కేసుకుంది. ఊపిరి కూడా బిగబట్టింది.

రేగడి రెండో కాలు పెట్టింది. ఆ తర్వాత మిగతా కుక్కంతా లోపలికి వచ్చేసింది. పెరుగన్నం వంక కూడా చూడకుండా నేరుగా వచ్చి ఆవిడ ఒళ్ళో తల పెట్టి పడుకుంది. బయట పొద్దు గుంకింది.

ఆ ఇంటికి మళ్ళీ గడప పెట్టలేదు. శుక్రవారం పూట వీధిలో ఆడవాళ్ళందరూ గడపలకి పసుపు రాసి బొట్లు పెడుతుంటే, సూరాయమ్మ రేగడిని కూచోబెట్టి దాని నాలుగు కాళ్ళకీ పసుపు రాసేది.

కథ చేరె కంచికి,
కుక్క చేరె ఇంటికి,
కునుకు చేరె కంటికి,
దుప్పటి కప్పు ఒంటికి.