మూత తియ్యడానికి అర్జీ

మణిగిరి రాజు చిత్రసేనుడికి ఒకరోజు సరదా పుట్టింది. "నా రాజ్యంలో పదికాలాలు నిలిచే పని చేసినవాడికి ఈ బంగారు కంకణం తొడుగుతాను" అన్నాడు.

అన్నదే ఆలస్యం, జలాధికారి వీరభూషణుడు చెయ్యి చాపేశాడు. ఊరూరా బావులు తవ్వించింది ఆయనే మరి! బావికంటే ముందు శిలాఫలకం లేచేది. దానిమీద రాజుగారి పేరు పైన, ఈయన పేరు పెద్దగా. ఆ తర్వాత ఆ ఊరి మొహం చూసిన పాపాన పోలేదు.

సరిగ్గా అప్పుడే ఎర్రదిబ్బ నుంచి నూకాలు అనే ముసలమ్మ సభకి వచ్చింది.

"బావిలో నీళ్లున్నాయి దొరా, తాగే రాత మాకు లేదు. ఉగాదికి చేంతాడు తెగింది. కొత్తది మేమే పేనుకున్నాం. కట్టబోతే ఈ బాబు మనుషులొచ్చి బావికి ఇనప మూతేసి తాళం పెట్టారు. అప్పట్నించి వాగుకి నడుస్తున్నాం."

"పెట్టరూ మరి? అది రాజుగారి సొత్తు!" వీరభూషణుడు గయ్యిమన్నాడు. "బాగుచెయ్యాల్సింది ఆస్థానం పనివాళ్లు. అర్జీ పెట్టుకుంటే వీలు చూసుకుని వస్తారు. ప్రభూ, ఇంత విశ్వాసం లేని ఊరికి బావే దండగ. పూడ్పించెయ్యండి!"

రాజు ఎటూ తేల్చుకోలేక గడ్డం గోక్కున్నాడు.

ఆస్థాన చమత్కారి సంబన్న లేచాడు. "రేపు తేల్చవచ్చు ప్రభూ. ఈలోగా ఇంతటి ఘనుడికి మా ఇంట విందు చెయ్యనివ్వండి. మీరూ రావాలి, ఈ అవ్వా రావాలి. మీ రాజముద్ర ఉంగరం మాత్రం ఒక్కపూట ఇప్పించండి."

మర్నాడు విందు. వీరభూషణుడికి పొగడ్త ఎంత ఇష్టమో తిండీ అంతే ఇష్టం. అన్నంలో పండుమిరప కొరివికారం దండిగా కలిపి పెద్ద ముద్ద మింగాడు. కళ్లంట నీళ్లు కారాయి. కావలసిన చోట మాత్రం చుక్క లేదు.

"నీళ్లు! నీళ్లు!"

"ఎదురుగా నిండు చెంబుంది కదండీ!"

ఉంది, వెండి చెంబే. మూతని లక్కతో అంటించి పైన రాజముద్ర వేశారు. పీకబోతే సంబన్న చెయ్యి పట్టుకున్నాడు.

"అయ్యయ్యో, రాజముద్ర! మీరు ముట్టుకోవచ్చా? మూత తియ్యాల్సింది ఆస్థానం పనివాళ్లు. అర్జీ పెట్టుకోండి, వీలు చూసుకుని వస్తారు."

వీరభూషణుడు పక్కాయన చెంబుకి చెయ్యి చాపాడు. సంబన్న కనుసైగ చూసి పక్కాయన దాన్ని వెనక్కి లాక్కున్నాడు.

"మరీ అంత దాహమైతే ఊరవతల వాగుంది. ఎర్రదిబ్బ ఆడవాళ్లు నడవట్లేదూ?" అన్నాడు సంబన్న.

"గొంతు మండుతున్నది నాకు! నా చెంబు మూత నేను తీసుకోవడానికి ఒకరి అనుమతేమిటయ్యా?"

సంబన్న చెయ్యి వదిలేసి రాజు వైపు తిరిగాడు.

"విన్నారుగా ప్రభూ? ఎర్రదిబ్బ అర్జీని జలాధికారిగారే వినిపించేశారు."

రాజు పగలబడి నవ్వాడు. బావి తాళంచెవి తెప్పించి నూకాలు చేతిలో పెట్టాడు.

"ఇక బావి మీ ఊరిది. మళ్లీ చేంతాడు తెగితే ఏం చేస్తావవ్వా?"

"ఇంటికో మూర పేనుతాం దొరా. గిలకకి వంతులేసుకుని ఆముదం రాస్తాం. మాదైతే మేం చూసుకోమా?"

"పదికాలాలు నిలిచే పని ఇదే!" అంటూ రాజు కంకణం తీసి సంబన్నకి తొడిగాడు.

రాజు ఎదుట రాజముద్ర పీకే ధైర్యం లేక వీరభూషణుడు ఇంకా నోరు తెరుచుకునే ఉన్నాడు. నూకాలుకి జాలేసింది. లక్క గీకి, మూత తీసి, ఆయన దోసిట్లోకి చెంబు వంచింది.

"తాగు బాబూ. అర్జీ అక్కర్లేదులే."

పంక్తి పంక్తంతా ఎంగిలి చేతులతోనే పడీపడీ నవ్వింది.