యజమాని లేని పెంకుల బట్టీ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు పక్కన ఒక పెంకుల బట్టీ ఉండేది. చుట్టుపక్కల ఏ ఇంటి కప్పు చూసినా ఆ పెంకులే.

ఆ బట్టీలో గైరమ్మ అనే గేదె మట్టి తొక్కేది. పైడితల్లి అనే కోతి తనవాళ్లతో కలిసి ఆ మట్టిని అచ్చుల్లో వేసి పెంకులు తీసేది. వాటిని కాల్చేది జోగులు అనే ఎలుగుబంటి. యజమాని ఒక దుమ్ములగొండి. అతను మట్టి ముట్టేవాడు కాదు. పొద్దున్నే వచ్చి "కానివ్వండి, కానివ్వండి" అనేసి వెళ్లిపోయేవాడు.

పని దిగాక గైరమ్మ, జోగులు వాగులో కాళ్లు కడుక్కుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్లు. పెద్ద కబుర్లేం కావు. ఈరోజు మట్టి బాగా జిగురుగా ఉందనీ, రేపు వాన వచ్చేలా ఉందనీ. ఆ నాలుగు మాటల కోసమే సాయంత్రం ఎప్పుడవుతుందా అని గైరమ్మ ఎదురుచూసేది.

ఒకరోజు దుమ్ములగొండి బట్టీ చుట్టూ ముళ్లకంప వేయించాడు.

"ఇందులో నాకేం మిగలడం లేదు. మూసేస్తున్నాను. మళ్లీ తెరిస్తే కబురు పంపుతాను" అన్నాడు.

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. 'మనమే నడుపుకుంటే?' అనే మాట గైరమ్మ నోటిదాకా వచ్చింది. మట్టి తొక్కే గేదె మాట ఎవరు వింటారులే అని మింగేసింది.

వానలు వచ్చాయి, వెళ్లాయి. కబురు రాలేదు. కోతులు కూటి కోసం తలోదారీ పట్టాయి. చివరికి జోగులు కూడా గైరమ్మ దగ్గరికి వచ్చాడు.

"కొండ అవతల బొగ్గుల బట్టీలో పని ఉందట. వెళ్తున్నాను అక్కా" అన్నాడు.

ఆమె ఏమైనా అంటుందేమోనని కాసేపు నిలబడ్డాడు. గైరమ్మ "జాగ్రత్త నాయనా" అంది.

ఆ తర్వాత ఆమెకు ఎక్కడ మేసినా గడ్డి రుచించలేదు. రోజూ వచ్చి ముళ్లకంప బయట నిలబడేది. లోపల మట్టిగుంట ఎండి, పగుళ్లు తీసి ఉండేది. దాన్ని చూస్తూంటే కాళ్లు వాటంతట అవే తొక్కుతున్నట్టు కదిలేవి. వాగు దగ్గరికి మాత్రం వెళ్లేది కాదు. ఒక్కతే కాళ్లు కడుక్కోవడం ఆమెకు చేతనయ్యేది కాదు.

అలా రెండేళ్లు గడిచాక ఒక ఉదయం నక్కలు బండి తోలుకుని వచ్చాయి.

"అచ్చులన్నీ పట్టుకురమ్మన్నారు అయ్యగారు. అమ్మేస్తారట" అన్నాయి.

అచ్చులు పోతే ఇక బట్టీ లేదు. ఎవరు తిరిగొచ్చినా చేయడానికి పని ఉండదు. గైరమ్మ అరవలేదు, కొమ్ములు విసరలేదు. వెళ్లి బండి దారికి అడ్డంగా పడుకుంది.

"లే గైరమ్మా, మాకు ఆలస్యమవుతోంది" అన్నాయి నక్కలు.

"మీ పని మీరు చేస్తున్నారు. నా పని నేను చేస్తున్నాను" అంది గైరమ్మ.

లాగాయి, నెట్టాయి, బతిమాలాయి. గేదె కదల్లేదు. ఈ సంగతి తెలిసి పైడితల్లి పరుగున వచ్చి పక్కన కూర్చుంది. వెనకే కోతులన్నీ వచ్చాయి. పొద్దు వాలేసరికి నక్కలు ఖాళీ బండితో తిరిగిపోయాయి.

"ఇప్పుడేం చేద్దాం అక్కా?" అంది పైడితల్లి.

అప్పుడు గైరమ్మ ఆనాడు మింగేసిన మాట బయటపెట్టింది. "మనమే నడుపుకుందాం. అందరం కూర్చుని అనుకున్నట్టే చేద్దాం. వచ్చింది అందరం పంచుకుందాం."

ముళ్లకంప తీసేశారు. మొదటిసారి కాల్చిన పెంకులు నీళ్లు తగలగానే మట్టయిపోయాయి. రెండోసారి మంట పెంచారు. పెంకులు పగిలిపోయాయి. "ఇది మనవల్ల కాదు, దుమ్ములగొండినే పిలుద్దాం" అని కొన్ని కోతులు గొణిగాయి.

"పిలవాల్సింది అతన్ని కాదు" అని గైరమ్మ కొండ దాటి వెళ్లింది.

జోగులు మసి పట్టి, చిక్కిపోయి ఉన్నాడు. పక్కన భార్య, పాకుతున్న పిల్ల. గైరమ్మ చెప్పిందంతా తల వంచుకుని విన్నాడు.

"ఆ రోజు ఈ మాట అని ఉంటే నేను కొండ ఎక్కేవాణ్ణి కాదక్కా" అన్నాడు మెల్లగా. "ఇప్పుడు నా సంసారం ఇక్కడ పాతుకుంది. ఈమె ముసలి తల్లిని వదిలి రాలేదు. ఒక్క బట్టీ కాల్చి, నేర్పి వస్తాను."

అన్నట్టే వచ్చాడు. "ఆవిరి వస్తున్నంతసేపు చిన్న మంటే. ఆవిరి ఆగాకే మంట పెంచాలి. ఆ తర్వాత తొందరపడి తెరవకూడదు, దానంతట అదే చల్లారాలి" అని పైడితల్లిని పక్కన కూర్చోబెట్టుకుని చూపించాడు. మూడోసారి పెంకులు ఎర్రగా, గట్టిగా వచ్చాయి. తడితే ఖంగుమన్నాయి.

గైరమ్మ అతన్ని కొండ మొదలుదాకా సాగనంపింది. "ఉండిపో" అని అడగలేదు. అడిగితే అతనికి కష్టమని తెలుసు. అతను చెట్లలో కలిసిపోయేదాకా చూసి వెనక్కి తిరిగింది.

బట్టీ బాగా సాగుతోందని విని దుమ్ములగొండి వచ్చాడు. "నా బట్టీ నాకిచ్చేయండి" అన్నాడు.

"మమ్మల్ని వదిలేసింది మీరే కదా. మాతో కలిసి చేస్తానంటే రండి. మట్టి తొక్కడానికి ఇంకొకరు కావాలి" అంది గైరమ్మ.

దుమ్ములగొండి మట్టిగుంట వైపు చూశాడు. తన కాళ్ల వైపు చూసుకున్నాడు. మళ్లీ ఆ దారిన రాలేదు.

ఆ ఏడు వానకి అడవిలో ఏ ఇల్లూ కురవలేదు. అయినా సాయంత్రమయ్యేసరికి గైరమ్మ చూపు కొండ మీదికి పోయేది.

ఒకరోజు వాగు అవతల కుందేళ్ల నూనె గానుగ మూసేశారని తెలిసింది. గైరమ్మ కాళ్లకు మట్టి ఉండగానే వాగులో దిగి అవతలికి నడిచింది. కుందేళ్లు మూటలు కట్టుకుంటున్నాయి.

"మూటలు దించండి తల్లీ" అంది గైరమ్మ. "ఒక్కరు కూడా వెళ్లకముందే కూర్చుని మాట్లాడుకుందాం."

నీతి: కలిసి పనిచేసేవాళ్లు ఆ పనిని తామే నిలబెట్టుకోగలరు. కానీ ఆ మాట అందరూ చెదిరిపోకముందే పైకి అనాలి.