రాణిగారి దుమ్ము

ఒక రాజ్యంలో ఒక రాజుగారు రోజంతా దుమ్ము తాగే యంత్రం పక్కన కూర్చుని ఉండేవారు.

ఆ రాజ్యం ఎర్రమట్టి మైదానం నడుమ ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళకి గాలి లేచేది. తలుపులు బిగించినా, కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టినా, దుమ్ము పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి పీటల మీదా పక్కల మీదా కూర్చునేది. ఆ రాజ్యంలో ఏనుగులూ ఉండేవి, కరెంటూ ఉండేది. రెండూ ఎప్పుడొస్తాయో ఎప్పుడు పోతాయో మాత్రం ఎవరూ చెప్పలేకపోయేవారు.

రాణిగారు కాపురానికొస్తూ సారెతో పాటు ఒక వాక్యూమ్ క్లీనరు తెచ్చుకున్నారు. గుండ్రటి పొట్ట, పొడుగాటి తొండం. పొట్టలో ఒక గుడ్డ సంచి ఉండేది, దాన్నే ఫిల్టరు అంటారు. గాలిని పోనిచ్చి దుమ్మును పట్టుకోవడం దాని పని. నిండినప్పుడల్లా దాన్ని దులపాలి. అప్పుడప్పుడు ఉతికి నీడన ఆరెయ్యాలి. బట్ట నీరసించాక తీసేసి కొత్తది తొడగాలి. అంతమంది దాసీలున్నా రాణిగారు ఆ పని ఎవరికీ అప్పగించేవారు కారు. కొంగు నడుముకి దోపుకుని, పెరట్లోకి వెళ్ళి తానే దులుపుకునేవారు. రాజుగారు అదంతా పట్టించుకునేవారు కారు. ఇల్లు శుభ్రంగా ఉండేది, అంతే ఆయనకు తెలుసు.

ఒక వానాకాలం రాణిగారు జ్వరంతో పోయారు.

పోయినవాళ్ళవి ఇంట్లో ఏవీ మిగలకూడదని ఆ దేశపు ఆచారం. మిగిలితే వాళ్ళ కాలు ముందుకు పడదట. అస్థికలు నదిలో కలిపారు. చీరలు పంచిపెట్టారు. మంచం దానమిచ్చారు. కర్మలన్నీ ముగిసేసరికి ఆమె తల దువ్వుకున్న దువ్వెన కూడా మిగల్లేదు. దుమ్ము యంత్రాన్ని మాత్రం ఇంటి సామాను కింద లెక్కేసి వదిలేశారు. రాజుగారు గది గదీ తిరిగారు. ఇరవై గదుల ఇంట్లో ఆమెది ఒక్క గుండుసూది కనిపించలేదు. ఆచారం ఆచారమే కానీ, ఆయనకు అది నిలువుదోపిడీలా అనిపించింది.

ఆ తరవాత కొన్నాళ్ళకి యంత్రాలు బాగుచేసే మనిషి కొత్త ఫిల్టరు పట్టుకుని వచ్చాడు. మూత తీసి పాత సంచి లాగబోతుంటే, దాని మూతి దగ్గర ఒక పొడుగాటి వెంట్రుక వేలాడింది. పక్కనే కుంకుమ రంగు పట్టుపోగు ఒకటి. రాజుగారు దగ్గరికి వచ్చి వంగి చూశారు. ఇల్లంతా వెతికి పంచిపెట్టినవాళ్ళు ఈ పొట్టలోకి మాత్రం చూడలేదు. రాణిగారు ఇంకా ఇంట్లోనే ఉన్నారు.

“ముయ్యి” అన్నారు రాజుగారు.

మూత మూయించి, చుట్టూ లక్క పోయించి, రాజముద్ర వేయించారు. కొత్త ఫిల్టరును అటక ఎక్కించారు. యంత్రం రోజూ నడవాలి, మూత మాత్రం ఎవరూ తెరవకూడదని శాసనం. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా అన్నారు కనక ఎవరూ నోరెత్తలేదు.

అప్పటినుంచి రాజుగారు ఆ యంత్రం పక్కన ఒక కుర్చీ వేసుకున్నారు. అది మూలిగే మూలుగు ఆయనకు రాణిగారి కూనిరాగంలా వినిపించేది. వింటూ వింటూ కునుకు తీసేవారు. కలలో రాణిగారు కనిపించేవారు, ఎప్పుడూ అటు తిరిగే. నేల మీంచి ఏవో ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంటూ ఉండేవారు. ఒక్కసారి ఇటు చూడమని ఆయన పిలిస్తే, “చేతులు ఖాళీ లేవండీ” అనేవారు. ఆమె ఏం ఏరుతోందో చూద్దామని ఆయన లేచేలోపు కరెంటు పోయేది, కలా పోయేది.

దులపని పొట్ట ఎంతకని పడుతుంది. కొన్నాళ్ళకి యంత్రం ఇటు పీల్చిన దుమ్మును వెనకనుంచి అటు ఊదడం మొదలుపెట్టింది. సన్నటి బూడిదరంగు పొడి దివాణమంతా కమ్మింది. ఒకరోజు అది మంత్రిగారి నుదుటి మీద పడింది. ఆయన తుడుచుకోబోయి, రాజుగారు తనవైపే చూస్తున్నారని గ్రహించి, తుడుచుకునే చేతిని అలాగే అడ్డంగా మూడు వేళ్ళతో లాగి విభూతి రేఖలు పెట్టేసుకున్నారు. కళ్ళు మూసుకుని, “రాణిగారి ప్రసాదం” అన్నారు.

రాజుగారి కళ్ళు చెమర్చాయి. ఇంకేం కావాలి. మర్నాటికల్లా కొలువులో ప్రతి నుదుటి మీదా రేఖలు. కొందరు భుజాలకీ పూసుకున్నారు. సేనాపతి పొట్టకు కూడా పూసుకున్నాడు. తా వలచింది రంభ, తా మునిగింది గంగ అన్నారు గానీ, రాజుగారు మునిగితే అందరూ మునగాల్సిందే. ప్రసాదానికి దగ్గు రావడం అపచారం కదా, అందుకని కొలువులో దగ్గడం నిషేధమైంది. దగ్గొచ్చినవాళ్ళు ఏదో రాచకార్యం ఉన్నట్టు హడావిడిగా తోటలోకి వెళ్ళి, మల్లెపొదల చాటున తనివితీరా దగ్గి, మొహం తుడుచుకుని వచ్చేవారు. ఒకరు వెళ్తే ఇంకొకరు ఎందుకు వెళ్ళారని అడిగేవారు కారు. తిలాపాపం తలా పిడికెడు.

తోటదాకా పరిగెత్తలేనిది ఒక్క రాకుమారే. చిన్నపిల్ల. దగ్గొస్తే పరుపు మీద బోర్లా పడుకుని, దిండులో మొహం దాచుకుని దగ్గేది. దిండు తీసేసరికి పెదవులు నీలంగా ఉండేవి. అమ్మ దుమ్ము వల్ల దగ్గొస్తోందంటే నాన్నగారు బాధపడతారని ఎవరో చెప్పారు దానికి. ఎంత నేర్చుకుందంటే, తండ్రి గదిలోకి వచ్చేముందు గడప బయటే నిలబడి, రాబోయే దగ్గులన్నీ ముందే దగ్గేసి వచ్చేది.

చివరికి రాజవైద్యుడు తెగించి చెప్పేశాడు. పాప ఊపిరితిత్తులు ఇంకో ఎండాకాలం తట్టుకోవు, యంత్రం మూతైనా తెరవండి, లేకపోతే పాపను కొండల అవతల మేనమామగారింటికైనా పంపండి, అన్నాడు. రాజుగారు ఆ పూటంతా ఆలోచించారు. ఆలోచించారని ఆయన అనుకున్నారు. నిజానికి కునుకు తీశారు. లేచి, పల్లకి సిద్ధం చెయ్యమన్నారు.

కొండ దాటినవాళ్ళు మళ్ళీ ఈ మైదానానికి తిరిగొచ్చిన దాఖలా లేదు. ఆ సంగతి బోయీలకు కూడా తెలుసు.

పొద్దున్నే గాలి లేవకముందు ప్రయాణం. రాకుమారి తలంటుకుని, కొత్త పరికిణీ కట్టుకుని, తండ్రికి చెప్పి వెళ్ళడానికి వచ్చింది. గడప బయట ఆగి దగ్గాల్సినవి దగ్గి లోపలికొచ్చింది. యంత్రం మూలుగుతోంది. రాజుగారు ఒక చెయ్యి యంత్రం మీద ఉంచి, రెండో చేత్తో పాప తల నిమిరి, మామయ్యగారింట్లో బుద్ధిగా ఉండాలనీ, కొండగాలి మంచిదనీ చెప్పారు. అది అన్నిటికీ తల ఊపింది. గుమ్మం దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది.

“నాన్నగారూ, నేను వెళ్ళిపోయాక నావి కూడా దీన్లోకి వెళ్తాయా?”

“ఏవి తల్లీ?”

“నా వెంట్రుకలూ, అవీ. వెళ్తే అప్పుడు నా పక్కన కూడా కూర్చుంటారు కదా.”

అందులో నిష్ఠూరం లేదు. బజారుకెళ్ళేవాళ్ళని మిఠాయి తెస్తారా అని అడిగినట్టు అడిగింది. రాజుగారికి మాత్రం ఊపిరి అందలేదు. ఇన్నేళ్ళుగా ఆ గదిలో అందరికీ అందనట్టే ఆయనకీ అందలేదు. ఆయన లేచి యంత్రం ఆపారు. మూలుగు ఆగిపోయాక దివాణం అంత పెద్దదని అప్పుడే తెలిసినట్టుంది.

మొలలోని బాకు తీసి ఆయన లక్కను గీరారు. తన ముద్రను తానే చెక్కలు చెక్కలుగా రాల్చారు. సంచి బయటికి లాగితే, నెలలు నిండిన మనిషిలా బరువుగా ఉంది. ఎలా దులపాలో ఆయనకు తెలీదు. గది మధ్యలోనే పైకెత్తి విదిలించబోతుంటే, రాకుమారి చెయ్యి పట్టుకుంది.

“ఇక్కడ కాదు నాన్నగారూ. పెరట్లోకి వెళ్ళాలి. గాలికి వీపు పెట్టి నిలబడాలి. అమ్మ అలాగే చేసేది.”

ఆ సంగతి రాజుగారి దగ్గర లేదు. ఆమె పోగు దాచుకున్నారు గానీ, ఆమె ఎలా నిలబడేదో దాచుకోలేదు. అది ఈ పిల్ల దగ్గర ఉంది.

పెరట్లో ఒక తెల్లటి పంచె పరిచి, సంచిని లోపలివైపు బయటికి తిప్పారు. దుమ్ము దూదిపరుపులా మందంగా, పొరలు పొరలుగా అంటుకుని ఉంది. రాజుగారు మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళతో పై పొర తీశారు. రాణిగారి కోసం వెతికారు. బలపం పొడి వచ్చింది. ఎండిన గోరింటాకు పెచ్చులు వచ్చాయి. తెగిన పట్టీ నుంచి రాలిన ఒక చిన్న మువ్వ. అరగదీసిన చింతపిక్క. పొట్టి కురులు, మెత్తగా, చిక్కులుగా. ఏదో పచ్చ గౌను దారాలు.

“ఇవెవరివి?”

“నావే” అంది రాకుమారి ఆశ్చర్యంగా. పచ్చగౌను పొట్టి అయిపోతే దాదమ్మ చింపి బొమ్మకి పరుపు కుట్టిందని చెప్పింది. బలపాలు తినకూడదని కూడా చెప్పింది. ఆ గౌనులో దాన్ని ఎప్పుడైనా చూశారేమోనని రాజుగారు గుర్తు తెచ్చుకోబోయారు. ఏమీ గుర్తు రాలేదు.

ఇంకో పొర తీస్తే బియ్యపు గింజంత తెల్లటిది ఒకటి దొరికింది. అరచేతిలో పెట్టుకుని చూశారు. పాలపన్ను.

“అయ్యో, అదా. ఇంటికప్పు మీద వేద్దామని ఎంత వెతికానో. దొరకలేదని ఏడ్చాను కూడా.”

“నేనెక్కడున్నానమ్మా అప్పుడు?”

“ఇక్కడే ఉన్నారు. యంత్రం పక్కన.”

పొద్దెక్కింది. బయట బోయీలు పల్లకి దించి చెట్టునీడన కూర్చున్నారు. రాజుగారు ఒక్కో పొరా తీస్తూనే ఉన్నారు, పిల్ల ఒక్కోదానికీ కథ చెబుతూనే ఉంది. చిట్టచివర బట్టకు అంటుకుని, పాల మీద మీగడంత పల్చగా, ఒక పొర మిగిలింది. అందులో ఒకటి రెండు పొడుగాటి వెంట్రుకలున్నాయి, ఆ కుంకుమ రంగు పట్టుపోగు ఉంది, పసుపు ఛాయ ఉంది. రాజుగారు ఆశగా వాసన చూశారు. దుమ్ము వాసన వచ్చింది. ఆమెది అంతే ఉంది. దాని మీద అంత మందాన ఉన్నదంతా ఆయన కళ్ళముందు తిరిగి, ఆయన చూడకుండా పెరిగినది. రాజుగారు పంచె మీద తల ఆనించి ఏడ్చారు. రాణిగారు పోయినప్పుడు కూడా ఆయన అంతగా ఏడవలేదు.

గాలి లేచేవేళ అయ్యింది. ఇద్దరూ గాలికి వీపు పెట్టి నిలబడి సంచి దులిపారు. తరవాత తొట్టిలో ముంచి ఉతికారు. నీళ్ళు బూడిదరంగుకి తిరిగి కాలువలోకి జారాయి, కాలువ నది వైపు సాగింది. సంచిని నీడలో దండెం మీద ఆరేసి చూస్తే, వెలుతురు చిల్లులు చిల్లులుగా ఇవతలికి వచ్చింది. బట్ట ఎప్పుడో నీరసించిపోయింది. రాజుగారు అటక మీంచి కొత్తది దింపించారు.

కబురు తెలిసి కొలువంతా పెరట్లోకి పరిగెత్తుకొచ్చింది. మంత్రిగారు చేతులు జోడించి, ఆ పాత సంచికి ఒక మందిరం కట్టిద్దామని మనవి చేశారు. సేనాపతి భూమి కూడా చూసి వచ్చాడట. రాజుగారు వాళ్ళ నుదుళ్ళ మీది మందపాటి రేఖల్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. సంచి ఆరాక వంటింట్లో మసిగుడ్డకి ఇమ్మన్నారు.

“దగ్గొస్తే దగ్గండి” అన్నారు ఆయన నెమ్మదిగా.

మొదట ఎవరూ కదల్లేదు. తరవాత మంత్రిగారు కొద్దిగా, మర్యాదగా దగ్గారు. ఆ పక్కవారు దగ్గారు. ఆపైన ఇక ఆగలేదు. ఇన్నేళ్ళుగా మింగినదంతా దగ్గుతూ, కళ్ళ నీళ్ళు కారుతుంటే ఒకరి వీపు ఒకరు నిమురుకుంటూ వెళ్ళిపోయారు. పల్లకి ఖాళీగా వెనక్కి వెళ్ళింది.

పెరట్లో ఇద్దరే మిగిలారు. రాజుగారు అడగడానికి సిగ్గుపడ్డారు. అయినా అడిగారు.

“నీకిప్పుడు ఎన్నేళ్ళు తల్లీ?”

“ఏడు నిండాయి. మొన్న పుట్టినరోజుకి మీరే అక్షింతలు వేశారు కదా.”

వేసే ఉంటారు. ఒక చెయ్యి యంత్రం మీద ఉంచి రెండో చేత్తో వేసి ఉంటారు. ఆయన దాదిని పిలిచి అక్షింతల పళ్ళెం తెప్పించారు. పుట్టినరోజు కాదే అని గొణుక్కుంటూ ఆమె తెచ్చింది. పళ్ళెం చూడగానే రాకుమారి అలవాటు కొద్దీ ముందుకొచ్చి, ఆయన పాదాల మీదికి వంగింది.

“వంగకు” అన్నారు రాజుగారు. “నిలబడు. నీ మొహం చూడనీ.”

అది నిటారుగా నిలబడింది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. అంతలో దానికి దగ్గొచ్చింది. గడప కోసం అటూ ఇటూ చూసింది. పెరట్లో గడప లేదు. ఆయన ఎదుటే దగ్గింది. ఆయన పిడికిట్లో అక్షింతలు పట్టుకుని, దగ్గు తగ్గేదాకా ఆ మొహంలోకే చూస్తూ నిలబడ్డారు.