వెనక కూర్చున్న వేణువు

నాంచారమ్మగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని తగులుతుంది. బందరులో ఆవిడ దగ్గర వేణువు నేర్చుకునే వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. కుముద కొత్తగా వచ్చింది కాబట్టి గుమ్మంలోనే అడిగేసింది.

"అమ్మా, ఆడదాని ఊపిరి వేణువుకి చాలదా?"

కుముద చిన్నప్పటి నుంచీ భావనారాయణగారి శిష్యురాలు. ఆయన కచేరీల్లో వెనక కూర్చుని రెండో వేణువు వాయించేది. ఆయన ఏకబిగిన వాయిస్తారని, స్వరాల వరుస ఎక్కడా తెగనే తెగదని పత్రికలు రాసేవి. వెనకున్న పిల్ల గురించి రాయడానికి వాటికి చోటు చాలేది కాదు. ఆయన పోయాక కుముద మొదటిసారి ఒంటరిగా వేదికెక్కింది. ప్రతి వరుసా సగంలో తెగింది. సభ కార్యదర్శి జాలిపడ్డాడు.

"వీణ పట్టాల్సిందమ్మా. ఇది మగవాళ్ల ఊపిరి కోరే వాద్యం."

సొంత డబ్బా తప్ప మరే వాద్యమూ ముట్టి ఎరగడాయన. అయినా ఆ మాట కుముద గుండెలో దిగబడింది. ఈ శుక్రవారం రెండో కచేరీ. ఇదీ అలాగే అయితే వేణువు బీరువాలో పెట్టేస్తానని ఇంట్లో చెప్పే వచ్చింది.

"కనీసం మీ శిష్యుల్లో ఒకర్ని నా వెనక సాయానికి పంపండమ్మా," అంది.

నాంచారమ్మగారు శ్రుతిపెట్టె మీట నొక్కి తన వేణువు అందుకుని, "నా వెనక్కి పో. ఆయన వెనక ఎలా వాయించేదానివో అలా వాయించు. మోహన వర్ణం," అన్నారు.

కుముదకి ప్రాణం లేచొచ్చింది. అది తనకు అలవాటైన చోటు. ముందున్న భుజం కాస్త పైకి లేస్తే చాలు, తన వేణువు అందుకుంటుంది. వర్ణం ఎక్కడా అతుకు తెలియకుండా సాగింది. వంటింట్లోంచి నాంచారమ్మగారి చెల్లెలు తొంగిచూసింది.

"ఇవాళేమిటక్కా, ఊపిరే తీసుకోవడం లేదు! వయసు గానీ వెనక్కెళ్లిందా?"

"విన్నావుగా," అన్నారావిడ కుముదతో, వెనక్కి తిరక్కుండానే. మళ్లీ పల్లవి ఎత్తుకున్నారు. ఈసారి వరుస నడుమ, ఏ గుర్తూ ఇవ్వకుండా, ఠక్కున వేణువు దించేశారు.

గదిలో శ్రుతి ఒక్కటే మిగిలింది. దాని మీద, కుముద గబుక్కున గాలి పీల్చుకుంటున్న చప్పుడు.

"ఇక్కడెందుకు ఆగావు?"

"నేను ఊపిరి తీసుకునేది ఇక్కడేనమ్మా. గురువుగారు గట్టిగా వాయిస్తూండేవారు కదా, నాది వినపడేది కాదు."

"మరి వరుస చివర?"

"చివర ఎలా తీసుకుంటానమ్మా? అక్కడ ఆయన..."

మాట ఆగిపోయింది. అక్కడ ఆయన తీసుకునేవారు. ప్రతి వరుస చివరా ఆయన తీరిగ్గా రొమ్ము నిండా గాలి పీల్చుకుంటే, ఆ ఖాళీని ఈమె పూడ్చేది. తనకు కావలసిన గాలి మాత్రం వరుస మధ్యలో దొంగతనంగా పీల్చుకునేది. ఒంటరిగా కూర్చున్నా ఆ దొంగతనం మానలేదు. వరుస తెగింది అందుకే.

"ముందుకు రా. చివరిదాకా వాయించి అప్పుడు తీసుకో. వినపడితే వినపడనీ."

కుముద ముందుకొచ్చి కూర్చుంది. వరుస చివర వేళ్లు అలవాటుకొద్దీ తొందరపడ్డాయి, ఆపుకుంది. వేణువు దించి నిండుగా గాలి పీల్చుకుంది. చప్పుడు బాగానే వినపడింది. ఇంటి కప్పేమీ కూలిపోలేదు. మళ్లీ ఎత్తుకుంటే వరుస చివరిదాకా వెళ్లింది, ఊపిరి ఇంకా మిగిలింది కూడా. ఆమెకి నవ్వొచ్చేసింది. నవ్వే పెదవులకి వేణువు పలకదు కాబట్టి వర్ణం అక్కడాగింది.

"అయితే శుక్రవారం నా వెనక ఎవరూ..." అంది నవ్వు ఆపుకుంటూ.

నాంచారమ్మగారు తన వేణువు గుడ్డతో తుడుచుకుంటున్నారు.

"కావాలంటే పక్కన కూర్చోబెట్టుకో. వెనక మాత్రం వద్దు," అన్నారు. "అక్కడ గాలాడదు."