ఘాట్‌రోడ్డు సైకిలుకి చిన్న క్యాసెట్

వరహాలు మాస్టారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ప్రశ్న విని, మీసం కింద చిన్న నవ్వు దాచుకుని, అడిగినవాడి చేతికి ఏదో ఒక పని అప్పగిస్తారు. భీమిలిలో ఆయన దగ్గర సైకిలు పందేలు నేర్చుకున్న వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసినా అడగడం మానరు. కష్టం వచ్చినవాడు అడక్కుండా ఎలా ఉంటాడు, పాపం!

ఒకనాటి పొద్దున శిష్యుడు తవిటినాయుడు మొహం వేలాడేసుకుని మాస్టారి పెరట్లోకి వచ్చాడు. ఈ నాయుడు అల్లాటప్పా మనిషి కాడు. అనంతగిరి ఘాట్‌రోడ్డులో అతని వెనక చక్రాన్ని అందుకోగలిగిన వాడు ఆ చుట్టుపక్కల లేడు. కొండ మీద ఎంత గట్టివాడో కిందికి దిగాక అంత మెత్తనివాడు. మాస్టారికి అతనంటే కన్నకొడుకు మీద ఉన్నంత ఇష్టం. ఆ ఇష్టం వల్లనే తిట్లు కూడా అతనికే ఎక్కువ పడేవి.

నాయుడికి ఆ వేసవిలోనే పెళ్ళయింది. అమ్మాయి పేరు సత్యవేణి. కోనసీమ పిల్ల, చదును నేల మీద కాలవగట్ల వెంట సైకిలు తొక్కి పెరిగింది. మొగుడికి సైకిలంటే ప్రాణమని తెలిసి, "నేనూ మీతో వస్తానండీ" అని తనంతట తనే అడిగింది. ఇంతకంటే ఏం కావాలి? నాయుడు పొంగిపోయాడు. తను ఘాట్‌రోడ్డు మీద గెలిచిన సైకిలునే సీటు దించి ఆమె చేతికిచ్చాడు. రోజూ తెల్లవారగానే ఇద్దరూ సముద్రం పక్క రోడ్డు మీద బయల్దేరేవారు. అలాంటిది నిన్న ఆ పిల్ల సైకిలును గోడకి ఆనించి, "రేపట్నించి నేను రాను. మీరూ మీ సైకిలూ వెళ్ళి రండి" అని లోపలికి వెళ్ళిపోయింది. కోపంగా అన్నా బాగుండేది. చాలా మామూలుగా అంది, అదీ నాయుడి బాధ.

"మాస్టారూ, నాకు తెలిసిందంతా దాచుకోకుండా చెప్పాను. మంచి సైకిలిచ్చాను. అయినా తనకి అందడం లేదు," అన్నాడు. "తప్పెవరిదంటారు?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "సైకిలు పట్రా."

"సైకిలుకేటీ అవలేదు మాస్టారూ. నేనడిగింది సైకిలు గురించి కాదు."

"నేనూ నీ గురించి అడగలేదురా. పట్రమ్మన్నాను."

ఇల్లు నాలుగు వీధుల అవతలే. నాయుడు తను ఎక్కి వచ్చిన రెండో సైకిలు అక్కడే వదిలి నడిచి వెళ్ళి, సత్యవేణి సైకిలు నెట్టుకుంటూ తెచ్చాడు. ఎక్కడానికి ఎందుకో మనసు రాలేదు.

"ఇందులో ఏం మార్చావు?" అన్నారు మాస్టారు.

"వెనక క్యాసెట్ ఒక్కటే."

వెనక చక్రానికి ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉండే పళ్ళచక్రాల గుత్తిని వాళ్ళు క్యాసెట్ అంటారు. కొండ ఎక్కేవాడికి అందులో పెద్ద పెద్ద పళ్ళచక్రాలు కావాలి, లేకపోతే ఎత్తులో కాలు ఆడదు. చదును రోడ్డుకి చిన్నవి చాలు. వాటిమధ్య తేడా కొద్దిగానే ఉంటుంది కాబట్టి గేరు మారినా కాలికి తెలియదు. సత్యవేణి చదును రోడ్డు మనిషి కదా అని నాయుడు ముచ్చటపడి చిన్న క్యాసెట్ కొని తెచ్చి వేశాడు. ఆ మాటకొస్తే మంచి పనే చేశాడు. తక్కినదంతా మాత్రం ఘాట్‌రోడ్డు కోసం తను ఎలా అమర్చుకున్నాడో అలాగే ఉంచేశాడు.

"మరి గేర్లు పడుతున్నాయా?"

"పడకేం మాస్టారూ. తనకే మార్చడం రాదు. పక్కనే ఉండి... పక్కనంటే కొంచెం ముందుండి, రోజూ చెప్తూనే ఉన్నాను. వినదు. గేరు పడలేదండీ అంటుంది. నా సైకిలుకి గేరు పడకపోవడమేటి, నీ చెయ్యే సరిగా లేదన్నాను."

"అలాగే అన్నావా?"

"అన్నాను."

"ఊఁ. నువ్వెక్కి ఒకసారి లైట్‌హౌస్ దాకా వెళ్ళి రా."

నాయుడికి ఇది చిన్నతనంగా తోచింది గానీ, మాస్టారి మాట కాదనలేక ఎక్కాడు. వీధి మలుపులో గేరు నొక్కాడు. పడలేదు. మళ్ళీ నొక్కాడు. చైను కటకటలాడి, తటపటాయించి, ఎప్పటికో ఒక్కసారిగా దూకింది. ఆ దెబ్బకి పాదం పెడలు మీంచి జారింది. నాయుడికి అప్పుడర్థమైంది. వెనకనుంచి లారీలు హారన్లు కొడుతూ ఉండగా ఆ పిల్ల రోజూ ఈ సైకిలుతోనే అవస్థ పడుతూ వచ్చింది. నోరు విప్పి చెప్పింది కూడా. తను ముందునుంచి, తల అయినా తిప్పకుండా, చెయ్యి సరిగా లేదని కేకలేశాడు.

లైట్‌హౌస్ దాకా వెళ్ళలేకపోయాడు. మధ్యలోనే వెనక్కి వచ్చేశాడు.

"ఈ క్యాసెట్ మంచిది కాదు మాస్టారూ," అన్నాడు దిగుతూనే. మనిషి నైజం చూడండి! పెళ్ళాం నెత్తిమీంచి దించిన తప్పును తన నెత్తిన పెట్టుకోవడానికి మనసొప్పక, దారిలో దొరికిన క్యాసెట్ మీద పెట్టాడు. "పెద్దది ఉన్నప్పుడు వెన్నలా పడేవి. దీన్ని పీకి పారేస్తాను."

మాస్టారు సైకిలును స్టాండుకి తగిలించారు. క్యాసెట్ పళ్ళు తడిమి చూశారు. కొత్తవి, ఒక్కటీ వంగలేదు. చైనూ బాగానే ఉంది. వెనకాల వేలాడుతూ చైనును ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే చేయి ఒకటుంటుంది, డిరేలర్ అంటారు. దాన్ని అటూ ఇటూ కదిపి చూశారు. అదీ దిట్టంగా ఉంది.

"ఇందులో చెడ్డది ఒక్కటీ లేదురా. ఇలా కూర్చో. డిరేలర్‌లో పై కప్పీ ఉందే, దానికీ ఈ పళ్ళకీ మధ్య వేలు పెట్టి చూడు."

నాయుడు గొంతుక్కూర్చుని వేలు పెట్టాడు. సులువుగా దూరింది. ఇంకా చోటు మిగిలింది.

"ఎందుకంత దూరం?"

"నేనే పెట్టాను మాస్టారూ. ఘాట్‌లో అంత ఎడం లేకపోతే కప్పీ పెద్ద పళ్ళచక్రానికి రాసుకుంటుంది. అది సరైన కొలతే."

"సరైనదే. ఆ పెద్ద చక్రం ఇప్పుడెక్కడుంది?"

పెద్ద చక్రం ఇంట్లో అటక మీద, గుడ్డలో చుట్టి ఉంది. ఆ మాట చెప్పబోయి నాయుడు ఆగిపోయాడు. లేనిదాని కోసం చోటు వదిలి డిరేలర్ ఎక్కడో అంత దూరాన నిలబడింది. ఉన్న చిన్న చక్రం మీదికి చైనును అక్కడినుంచే విసురుతోంది. అందితే అందినట్టు, లేకపోతే లేనట్టు. ఇన్నాళ్ళూ పందేలు గెలిపించిన అమరిక కదా, దాన్ని ముట్టుకోవాలని తనకి తోచనే లేదు.

స్క్రూడ్రైవర్ అందుకుని డిరేలర్ వెనక ఉండే స్క్రూ మీద పెట్టాడు. చేతి అలవాటు కొద్దీ బిగించబోయాడు. ఘాట్‌రోడ్డు వాళ్ళందరూ చేసే పొరపాటే అది. ఆ స్క్రూను బిగించడమే గాని వదులు చెయ్యడం వాళ్ళెరగరు, బిగిస్తే డిరేలర్ ఇంకా దూరం జరుగుతుంది. మాస్టారు అతని మణికట్టు పట్టుకున్నారు.

"అటు కాదు, ఇటు."

నాయుడు కొద్దికొద్దిగా వదులు చేశాడు. కప్పీ నెమ్మదిగా పైకి లేచి పళ్ళ దగ్గరికి వచ్చింది. చైను కూడా ఆ పెద్ద చక్రానికి సరిపడా పొడుగున్నదే, అందులో ఒక లంకె తీసేశారు. పెడలు తిప్పుతూ గేరు నొక్కితే, నొక్కిన వేలు తియ్యకముందే చైను పక్క చక్రం మీదికి ఎక్కింది. చప్పుడే లేదు.

మాస్టారు ఫోను తీసి తనే మాట్లాడారు. "అమ్మా సత్యవేణీ, ఒకసారి మా ఇంటికి వస్తావా? నీ సైకిలు ఇక్కడుంది. తొక్కేవాళ్ళు చెప్పకుండా బాగైందని మేమెలా అనుకుంటాం?"

మాస్టారు పిలిచారు కనక వచ్చింది. మొగుడి వంక చూడకుండా సైకిలెక్కి వెళ్ళింది. ఆమె తిరిగి వచ్చేదాకా నాయుడు గేటు దగ్గరే నిలబడ్డాడు. వస్తూ వస్తూ దూరం నుంచే కేకేసింది.

"పడుతున్నాయండీ మాస్టారూ! నొక్కితే చాలు, పడుతున్నాయండీ!" దిగి, తన కుడిచెయ్యి తనే ఒకసారి చూసుకుంది. "నా చెయ్యే మంచిది కాదనుకున్నానండీ ఇన్నాళ్ళూ. రాత్రి అమ్మతో కూడా అదే చెప్పి ఏడ్చాను."

నాయుడు గేటు వదిలి దగ్గరికి వచ్చాడు. కొండంతా తొక్కినా రానంత ఆయాసం ఆ నాలుగడుగులకే వచ్చింది. "నీ చెయ్యి బంగారం వేణీ," అన్నాడు. "అమర్చింది నేను. తప్పుగా అమర్చి నిన్నన్నాను."

ఆమె కళ్ళు తుడుచుకుని, "ఇంటికి ఈ చిన్న రోడ్డు మీంచి వద్దు, సముద్రం వైపునుంచి వెళ్దామా?" అంది. నాయుడు గబగబా తన సైకిలు తీశాడు. గేటు దాటబోతూ ఆగి, "మాస్టారూ, నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనే లేదు," అన్నాడు.

"పోరా, ఎండెక్కుతోంది," అన్నారాయన.

ఇద్దరూ బయల్దేరారు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? నాలుగు తొక్కులు పడేసరికి నాయుడు అంత దూరాన ముందున్నాడు. వీధి మలుపు దగ్గర ఏం గుర్తొచ్చిందో, తల తిప్పి చూశాడు. తొక్కడం ఆపి, సత్యవేణి వచ్చేదాకా సైకిలును మెల్లగా పోనిచ్చాడు. ఆమె వచ్చింది. అయినా ఇద్దరి మధ్యా ఇంకా ఒక సైకిలు పట్టేంత ఎడం ఉంది.

గేటు పట్టుకుని నిలబడి చూస్తున్న మాస్టారు నోటికి చేతులు అడ్డం పెట్టి గట్టిగా కేకేశారు.

"నాయుడూ! ఇంకాస్త వదులు చెయ్యాలిరా!"