ఎనభై నలుగురు వైద్యులు

ఒకానొక రాజ్యంలో మనుషుల కంటే రాజుగారి విగ్రహాలే ఎక్కువ ఆరోగ్యంగా ఉండేవి. ఆ రాజ్యం పేరు కనకవేది, రాజు పేరు ప్రచండవర్మ. ఆయన ఏడు ఊళ్ళలో ఏడు ధర్మవైద్యశాలలు కట్టించి, ప్రతిదాని ముందూ తన నిలువెత్తు విగ్రహం నిలబెట్టించాడు. ఆ విగ్రహాలకు రోజూ స్నానం చేయించేవారు. లోపలి రోగుల సంగతి అడిగే నాథుడే లేడు.

వైద్యశాలల అజమాయిషీ గుణశేఖరుడనే మంత్రిది. "ఒక్కో వైద్యశాలకు పన్నెండు మంది వైద్యులు, వెరసి ఎనభై నలుగురు ప్రభూ!" అని ఆయన సభలో చదివినప్పుడల్లా రాజు మీసం దువ్వేవాడు.

ఒక ఏడాది ఆ ఏడు వైద్యశాలలనూ చూసి వద్దామని రాజు బయల్దేరాడు. ముందు డప్పులు, బూరలు, వెనక ఏనుగులు. ఆస్థానంలో మాటకారిగా పేరుపడ్డ కొమ్మన కూడా వెంట ఉన్నాడు.

మొదటి ఊళ్ళో పన్నెండు మంది వైద్యులు వరసగా నిలబడి స్వాగతం చెప్పారు. వాళ్ళలో ఒకాయన గడ్డానికి గోరింటాకు రంగు. మంచాల మీద రోగులున్నారు గాని, ఒక్కొక్కరి బుగ్గలు పూరీల్లా పొంగి ఉన్నాయి. రాజు పొంగిపోయాడు. రెండో ఊళ్ళోనూ పన్నెండు మందే, అక్కడా ఒక ఎర్రగడ్డం. మూడో ఊళ్ళో ఆ ఎర్రగడ్డమే ముందుకొచ్చి రాజు మెడలో దండ వేసింది.

కొమ్మన మెల్లగా ఆ వైద్యుడి పక్కకు చేరి, "అయ్యా, తమకు కవల సోదరులెందరు?" అని అడిగాడు.

ముసలి వైద్యుడు సిగ్గుతో తల వంచుకున్నాడు. "ఉన్నదే పన్నెండు మందిమి, నాయనా. రాజుగారి కంటే ముందు బండి తోలుకుని తరవాతి ఊరు చేరడమే ఇప్పుడు మా వైద్యం. రోగి నాడి పట్టుకుని నెలయింది" అన్నాడు.

కొమ్మనకు నవ్వొచ్చింది. ఏడో ఊరు చేరేసరికి ఆ నవ్వు కాస్తా ఆవిరైపోయింది.

అక్కడ వైద్యశాల వాకిలి బయట ఒక ఎడ్లబండి ఆగి ఉంది. బండిలో గురవయ్య అనే మేదరి మూలుగుతున్నాడు. వెదురు నరుకుతూంటే కత్తి జారి పాదం చీలింది. గాయం వాచి నల్లబడింది. భార్య పోలమ్మ ద్వారపాలకుడి కాళ్ళావేళ్ళా పడుతోంది.

"ఏమ్మా, ఎప్పుడు తగిలింది దెబ్బ?" అని కొమ్మన అడిగాడు.

"తొమ్మిది రోజులైంది సామీ! ఆ రోజే తీసుకొచ్చినా. వైద్యులు లేరు, రాజుగారు వచ్చే రోజున రా, ఆ రోజు అందరూ ఉంటారన్నాడు ఈయన. ఇవాళ వస్తే, రాజుగారు వస్తున్నారు, రోగుల్ని లోపలికి రానివ్వనంటున్నాడు. నేను ఏ రోజున రావాల సామీ?"

కొమ్మన వెంటనే తన పల్లకీలో గురవయ్యను పక్క ఊరి కట్లవైద్యుడి దగ్గరికి పంపించాడు. ప్రాణం దక్కింది గాని, రెండు కాలివేళ్ళు పోయాయి.

రాజధానికి తిరిగొచ్చాక రాజు నిండు సభలో తొడ చరిచాడు. "నా వైద్యశాలల్లో లోపం చూపించినవాడికి అగ్రహారం ఇస్తాను. చూపించలేకపోతే గుండు కొట్టించి దేశం దాటిస్తాను!"

ఉన్నమాట చెబితే మంత్రి ముద్ర వేసిన పత్రాలు తెచ్చి చూపిస్తాడు. రాజు కాగితాన్నే నమ్ముతాడు. అందుకని కొమ్మన చేతులు జోడించాడు.

"లోపమెక్కడిది ప్రభూ! నా విన్నపం వేరు. ఆ ఎనభై నలుగురినీ ఒకే రోజు, ఒకే సభలో నిలబెట్టి తమ చేత్తో శాలువాలు కప్పండి. అందరూ ఒక్కసారిగా తమకు మొక్కుతుంటే ఆ వైభవం చూడ్డానికి రెండు కళ్ళు చాలవు!"

రాజు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. మంత్రి ముఖం పాలిపోయింది. అయినా వారం తిరిగేసరికి ఎనభై నలుగురూ సభలో బారులు తీరారు. అందరికీ తెల్ల తలపాగాలు, చంకలో మందుల సంచులు. రాజు అందరికీ శాలువాలు కప్పాడు.

సరిగ్గా అప్పుడే కొమ్మన గుండె పట్టుకుని "అబ్బా!" అంటూ సభ మధ్యలో దబ్బున పడిపోయాడు.

పన్నెండు మంది పరుగున వచ్చారు. మిగిలిన డెబ్బై ఇద్దరూ నాలుగడుగులు వెనక్కి వేసి, "అయ్యయ్యో! ఎవరైనా వైద్యుణ్ణి పిలవండి!" అని ఒక్క గొంతుతో అరిచారు.

"మీరే కదయ్యా వైద్యులు!" అని గర్జించాడు రాజు.

వాళ్ళలో ఒకడు ముందుకొచ్చి, "చెవి వెనక అంకుశంతో ఒక్క పోటు పొడవండి ప్రభూ, అదే లేస్తుంది" అన్నాడు. వాడు ఏనుగులశాలలో మావటి. వాడి పక్కనున్నవాళ్ళు వంటవాళ్ళు, భజంత్రీలు, నాటకాలాడేవాళ్ళు.

ఎర్రగడ్డం వైద్యుడు కొమ్మన నాడి చూసి, "నిక్షేపంలా ఉన్నావు కదయ్యా!" అని గొణిగాడు.

కొమ్మన లేచి పంచె దులుపుకున్నాడు. "నేను బాగానే ఉన్నాను ప్రభూ. నా దగ్గరికి వచ్చినవాళ్ళను లెక్కపెట్టండి, తమ వైద్యశాలల్లో ఉన్న వైద్యులు వాళ్ళే." ఆ తరవాత గురవయ్య సంగతి, పోలమ్మ అడిగిన ప్రశ్న, పొల్లుపోకుండా చెప్పాడు.

రాజు ముఖం కందగడ్డలా అయింది. "ఏడు ఊళ్ళూ తిరిగి కళ్ళారా చూశాను! నాకెందుకు కనబడలేదు?"

"తమరు చూడ్డానికి వెళ్ళలేదు ప్రభూ. కనబడ్డానికి వెళ్ళారు."

రాజు చూపు కొమ్మన మీద నుంచి శాలువా కప్పుకుని నిలబడ్డ మావటి మీదికి వెళ్ళింది. పెదవులు అదిరాయి. అంతే, కడుపు పట్టుకుని పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "గెలిచావురా కొమ్మనా! అగ్రహారం నీదే. ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"అగ్రహారంలో సగం గురవయ్యకు ఇప్పించండి. ఇకమీదట మంత్రిగారికి ఏ జబ్బు చేసినా ఆ ఏడు వైద్యశాలల్లోనే వైద్యం జరగాలి, అదీ అందరితో పాటు వరసలో నిలబడి. ఇదే నా కోరిక."

"భేష్! అలాగే కానీ" అని రాజు మళ్ళీ నవ్వి, ఉన్నట్టుండి ఆగాడు. "ఈ నియమం నాకు కూడానా?"

"ముందు వైద్యుల్ని రానివ్వండి ప్రభూ. తరవాత తమరు వద్దురుగాని."

గుణశేఖరుడికి పాత కీళ్ళవాతం ఉంది. అది ఏ ఊళ్ళో ఉండగా పట్టుకుంటుందో ఆయనకే తెలియదు. అందుచేత దేశదేశాలకు మనుషుల్ని పంపి, రెండు నెలలు తిరక్కుండానే ఏడు ఊళ్ళకూ అసలైన వైద్యుల్ని రప్పించాడు.