పసుపు రోలు ఎక్కిన ఎమ్మెల్యే

మా గురువుగారు పరదేశయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే, జవాబు చెప్పే ముందు వాళ్ళ చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. చేతులు ఖాళీగా ఉన్నవాడు వింటున్నంతసేపూ ఎదురుమాట వెతుక్కుంటూ ఉంటాడని ఆయన నమ్మకం. ఆ ఎండాకాలం గౌరునాయుడు మఠానికి వచ్చి కూర్చున్నప్పుడు కూడా ఆయన చింతపండు బుట్ట అతని ముందుకు జరిపి, పిక్కలు తీయమన్నారు.

గౌరునాయుడు మండలం ఎన్నికల్లో నిలబడి ఓడిపోయి వచ్చాడు. ఓడిపోయినందుకంటే, ఊళ్ళో వాళ్ళు ఓదార్చడానికి కూడా రానందుకు అతనికి ఎక్కువ కష్టమేసింది. ఇక ఊరు వెళ్ళననీ, మఠంలోనే ఉండిపోతాననీ అంటున్నాడు. ఇంటి దగ్గర పెళ్ళాం, పొలం, ముసలి తండ్రి ఉన్నారు. ఉండమనాలో వెళ్ళమనాలో గురువుగారే చెప్పాలి. కాసేపు పిక్కలు తీసి అతను అడిగాడు.

"గురువుగారూ, వీధివీధికీ తిరిగాను. మైకు పెట్టాను, ఫ్లెక్సీలు కట్టాను. అయినా నేనొకణ్ణి ఉన్నానని ఎవరి కంటికీ ఆనలేదు. పదిమంది కంటికీ ఆనాలంటే మనిషి ఎంత ఎత్తుకి ఎదగాలండీ?"

గురువుగారు నవ్వి, చిగురుపల్లి అప్పలసూరి సంగతి తెలుసా అని అడిగారు. పేరు విన్నానన్నాడు గౌరునాయుడు. అప్పుడు గురువుగారు చెప్పిన సంగతి ఇది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను గనక మాట పోకుండా వినిపించింది.

అప్పలసూరి మొదట పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. మంచివాడు, మాటకారి, కాకపోతే బాగా పొట్టి. ఆవుకి సూది వేస్తే అవతలి వైపు నిలబడ్డవాళ్ళకి ఆవు ఒక్కతే కనబడేది. అలాంటివాడు ఉద్యోగం వదిలేసి రేగులపాడు నియోజకవర్గంలో ఎమ్మెల్యే పదవికి పోటీ చేశాడు. ఎదర పక్షం కోట దొరగారు. ఆయన ఆరడుగుల మనిషి, పైగా జీపు మీద నిలబడి మాట్లాడేవాడు. అప్పలసూరి మాట్లాడుతుంటే వెనక వరసల్లో వాళ్ళు మెడలు సాచేవారు. గొంతు వినబడతంది గానీ మనిషేడీ అని నవ్వుకునేవారు.

గెడ్డ అవతల చినగెడ్డవలస అని ఒక ఊరుంది. గెడ్డ అంటే కొండమీంచి దిగే వాగు. వానాకాలం వస్తే ఆ ఊరికి లోకంతో పని ఉండదు, లోకానికి ఆ ఊరితో పని ఉండదు. పొద్దు గూకే వేళకి అప్పలసూరి ఆ ఊరు చేరాడు. వీధి నిండా జనం. ఈయన ఎవరికీ కనబడటం లేదు. కూడా వచ్చిన కుర్రాళ్ళు అటూ ఇటూ చూసి, ఒక ఇంటి అరుగు పక్కనున్న రోలు దొర్లించుకొచ్చి బోర్లించారు. అప్పలసూరి చెప్పులతోనే ఎక్కాడు. ఎక్కి గొప్పగా మాట్లాడాడు. చప్పట్లు కూడా కొట్టారు. మాటలయ్యాక జెండాలు ఊపుకుంటూ పై ఊరికి వెళ్ళిపోయారు. రోలు బోర్లించింది బోర్లించినట్టే ఉండిపోయింది.

అది అసిరమ్మ అనే ఆవిడ రోలు. తెల్లారితే ఆవిడ కూతురి పెళ్ళికి పసుపు కొట్టాలని కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, తమలపాకులు కట్టి ఉంచుకున్న రోలు. అప్పలసూరి తెలియనివాడేమీ కాదు. అతనిదీ అలాంటి ఇల్లే. పసుపు పెట్టిన రోలుకి పొరపాటున కాలు తగిలినా కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టినవాడే. కానీ ఆ రోజు అతని చూపంతా జనం మీద ఉంది. కాలి కింద ఏముందో చూసుకోలేదు.

అక్కడ గౌరునాయుడి చేతులు ఆగాయి. గురువుగారు బుట్ట వైపు చూశారు. అతను మళ్ళీ పిక్కలు తీయడం మొదలుపెట్టాడు.

ఓటు కోసం వచ్చినవాణ్ణి గుమ్మంలో తిట్టడం మన వైపు మర్యాద కాదు. ఎవరూ ఏమీ అనలేదు. అసిరమ్మ పక్కింటి రోలు తెచ్చుకుని పసుపు కొట్టుకుంది. కానీ పెళ్ళికి వచ్చిన చుట్టాలు ఎవరి ఊరికి వాళ్ళు వెళ్తూ ఆ కబురు కూడా పట్టుకెళ్ళారు. ఓట్ల లెక్కింపు నాటికి నియోజకవర్గంలో ఆడవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. అప్పలసూరి చిత్తుగా ఓడిపోయాడు. పేరు కూడా పోయింది. రోలెక్కినోడు అనే పేరు మిగిలింది.

ఎందుకు ఓడిపోయాడో అతనికి తర్వాత ఎవరో చెప్పారు. మర్నాడే ఒంటరిగా గెడ్డ దాటి వెళ్ళాడు. రోలు ఇంకా అలాగే ఉంది. తొక్కిన రోలు ముట్టుకోవడానికి ఇంట్లో ఎవరికీ చేతులు రాలేదు. అతనే దాన్ని ఎత్తి నిలబెట్టి, నూతి దగ్గర నీళ్ళు తోడుకొచ్చి కడిగి, పసుపు అడిగి తీసుకుని రాశాడు. అసిరమ్మ అరుగు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. తప్పయిపోయిందమ్మా అని అతను రెండు చేతులూ జోడిస్తే, ఆవిడ అంది.

"రోలు మన్నిస్తాది బాబూ. ఓటంటావా, అది దొరగారికి ఏసేసినాను. ఎనక్కి రాదు."

అతనికీ నవ్వొచ్చింది. వెళ్ళబోతుంటే ఆవిడ ఇంకో మాట కూడా అంది. నువ్వు పొట్టోడివైతే మాకేటి నష్టం, మేం కూకుంటే కనబడవా అని. అది వేళాకోళమే అనుకుని అతను పట్టించుకోలేదు.

రెండోసారి పోటీకి దిగినప్పుడు జాగ్రత్త పడ్డాడు. టేకు బల్ల ఒకటి చేయించి బండి మీద వెంట తిప్పాడు. ఎవరి రోలూ ముట్టుకోలేదు. అయినా ఓడిపోయాడు. మొదటిసారంత దారుణంగా కాదు గానీ, ఓటమి ఓటమే. రోలెక్కినోడు బల్లెక్కినాడు అన్నారు.

మూడోసారి ప్రచారం వానల్లో పడింది. చినగెడ్డవలస వెళ్ళే రోజున గెడ్డ నిండుగా ఉంది. బండి దిగలేదు, బల్ల ఒడ్డునే ఉండిపోయింది. అప్పలసూరి పంచె ఎగగట్టి ఈదుకుంటూ అవతలికి చేరాడు. ఊడ్పుల నుంచి వచ్చిన జనం బురద కాళ్ళతో వీధిలో నిలబడ్డారు. నిలబడి మాట్లాడాలన్నా ఎక్కడానికి ఏమీ లేదు, నిలబడే ఓపిక కూడా లేదు. అసిరమ్మ గుమ్మం ముందు నేల మీద చతికిలబడ్డాడు. మనిషి కూర్చుంటే ఎదర నిలబడటం బాగుండదు కదా, ఒక్కొక్కళ్ళే కూర్చున్నారు. ఊరంతా కూర్చున్నాక అతను అందరికీ కనబడ్డాడు. అందరూ అతనికి కనబడ్డారు. ఆ రోజు అతను తక్కువ మాట్లాడాడు. వానాకాలం నొప్పులొస్తే ఆడవాళ్ళని గెడ్డ ఎలా దాటిస్తున్నారో, బడి పిల్లలు ఎన్నాళ్ళు ఇంట్లో ఉండిపోతున్నారో వాళ్ళే చెప్పారు. వంతెన కట్టిస్తానన్నాడు. ఆ ఏడు గెలిచాడు.

ఇక్కడితో అయిపోతే బాగుండును అన్నట్టు గౌరునాయుడు తల ఊపాడు. గురువుగారు అతని తల వైపు చూడలేదు.

వంతెనకి స్తంభాలు లేచాయి. కానీ ఎమ్మెల్యేగారు ఎక్కడికి వెళ్ళినా ఇప్పుడు స్టేజీ ఉంటోంది. స్టేజీకి మెట్లుంటాయి, మెట్లకి తివాచీ, తివాచీ మీద కుర్చీ. చినగెడ్డవలసలో కూడా కట్టారు. స్తంభాలైతే లేచాయి గదా, మిగతా పని ఎప్పుడో ఆయన్ని అడుగుదామని అసిరమ్మ వెళ్తే, స్టేజీ చుట్టూ కట్టిన కర్రలు దాటనివ్వలేదు. పై ఎన్నికల్లో దొరగారి కొడుకు నిలబడ్డాడు. అతను జీపు దిగి, తెల్ల బట్టలతో నేల మీద కూర్చున్నాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో అందరికీ తెలుసు, అందరూ నవ్వారు, నవ్వుతూనే ఓటు వేశారు. అప్పలసూరి ఓడిపోయాడు. గెలిచిన దొరగారి కొడుకు లేచి బట్టలు దులుపుకుని వెళ్ళి, మళ్ళీ ఆ నేల మీద కూర్చోలేదు. వంతెన స్తంభాల మీద కాకులు కూర్చునేవి.

ఓడిపోయినవాడి ఇంటికి ఎవరు వస్తారు? అప్పలసూరి ఒక్కడే మళ్ళీ ఊళ్ళు తిరిగాడు. పశువులకి జబ్బు చేస్తే చూసేవాడు. ఐదో వానాకాలంలో ఒకనాడు గెడ్డ ఒడ్డుకి వచ్చేసరికి అవతల గోల వినబడింది. అసిరమ్మ మనవరాలికి నొప్పులు. ఆ రోలు దగ్గర పసుపు కొట్టవలసిన పెళ్ళికూతురు ఉందే, ఆ పిల్ల కూతురు. మంచం మీద పడుకోబెట్టి, నలుగురు నాలుగు మంచం కోళ్ళు పట్టుకుని నీళ్ళలో దిగారు. నడి గెడ్డలో ఒకడి కాలు జారింది. మంచం వాలింది. పిల్ల కేక పెట్టింది.

అప్పలసూరి ఇవతలి నుంచి దూకి వెళ్ళి ఆ మూల పట్టుకున్నాడు. కానీ మిగతా ముగ్గురూ పొడుగువాళ్ళు. ఇతను చేతులెత్తి పట్టుకున్నా ఆ మూల కిందికే ఉంది. అందుకని మంచం కోడు నెత్తి మీద పెట్టుకున్నాడు. నీళ్ళు గడ్డం దాకా ఉన్నాయి, పైన మంచం. ఒడ్డున ఉన్నవాళ్ళకి అతను బొత్తిగా కనబడలేదు. మంచం మాత్రం వాలకుండా ఒడ్డుకి వచ్చింది. ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి పంపించారు. పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం అని కబురొచ్చింది. అప్పటికి అప్పలసూరి తడిబట్టలతో ఏ ఊరి పశువు దగ్గర ఉన్నాడో ఎవరికీ తెలియదు.

ఐదోసారి అతను ఓటు అడగడానికి చినగెడ్డవలస వస్తే, అడగనవసరం లేదు, పై ఊళ్ళు చూసుకోమని పంపించేశారు. పై ఊళ్ళలోనూ అలాగే అన్నారు. ఆడవాళ్ళ కబురు ఈసారి కూడా ఎన్నికల కంటే ముందే నడిచింది. రేగులపాడులో అంతకుముందు ఎవరికీ రానంత మెజారిటీ వచ్చింది. దొరగారి కొడుకు సొంత వీధిలో కూడా ఓడిపోయాడు. అప్పలసూరి ప్రమాణం చేసి వచ్చి, ఇంటికి కూడా వెళ్ళకుండా, స్తంభాల దగ్గరికి వెళ్ళి కాకుల్ని తోలాడంటారు.

వంతెన తెరిచిన రోజు గురువుగారు కూడా అక్కడే ఉన్నారట. స్టేజీ వద్దని ఎమ్మెల్యే ముందే చెప్పేశాడు. కొత్త వంతెన మీద ఇసకేస్తే రాలనంత జనం. డప్పులు, పూలు, చంకల్లో పిల్లలు. అందరూ ఆయన్నే చూడాలని తోసుకుంటున్నారు, ఆయనేమో ఎక్కడున్నాడో తెలియడం లేదు. మొదటి ఎన్నికల్లో లాగే వెనక నుంచి ఎవరో అరిచారు, మనిషేడీ అని. ఈసారి ఆ అరుపులో నవ్వుంది, ఆత్రం కూడా ఉంది.

అప్పుడు అసిరమ్మ ఇద్దరు మనవల చేత తన రోలు దొర్లించుకుని వంతెన మీదికి తెచ్చింది. నడుం వంగిపోయింది గానీ గొంతు తగ్గలేదు. పైట చెంగుతో రోలు తుడిచి, ఎవరి చెయ్యీ పడనీయకుండా, తన చేతులతోనే మెల్లగా బోర్లించింది. ఎక్కమంది.

అప్పలసూరి వెనక్కి జరిగాడు. ఆ తప్పు మళ్ళీ చెయ్యలేనమ్మా అన్నాడు.

"అప్పుడు నువ్వెక్కినావు," అంది అసిరమ్మ. "ఇప్పుడు మేం ఎక్కిస్తన్నాం. దిగమన్నప్పుడు దిగిపో."

జనం నవ్వారు. ఆయనా నవ్వాడు, కళ్ళ నీళ్ళతో. చెప్పులు విడిచి, వంగి రోలుని తాకి కళ్ళకద్దుకుని, దాని మీదికి ఎక్కాడు. ఎక్కి నిలబడగానే ముందు వరసలో ఒకావిడ కూర్చుంది. గెడ్డలో మంచం మీద దాటిన పిల్ల ఆవిడే, ఒళ్ళో బిడ్డ ఉంది. ఆమె పక్కవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళ వెనకవాళ్ళు కూర్చున్నారు. ఎవరూ చెప్పలేదు. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వంతెన మొత్తం కూర్చుంది. రోలు లేకపోయినా ఇప్పుడు ఆయన కనబడేవాడే. చాలాసేపు జోడించిన చేతులతో నిలబడి, దిగిపోయి, రోలు నిలబెట్టి, అసిరమ్మ ఇంటిదాకా తనే దొర్లించుకుంటూ వెళ్ళాడు. వెనక డప్పులు, వెనక ఊరంతా. ఆ తర్వాత తనంతట తాను చాలించుకునేదాకా ఆయన మరి ఓడలేదు.

గురువుగారు ఆపేశారు. బుట్టలో చింతపండు అయిపోయింది. గౌరునాయుడు పిక్కలు ఒక పక్కకి నెట్టి, అయితే నేను మళ్ళీ నిలబడితే గెలుస్తానా అండీ అని అడిగాడు. అతని గొంతులో కొంచెం ఉత్సాహం వచ్చింది.

గురువుగారు బుట్ట తీసి పక్కన పెట్టారు.

"ముందు ఊరు వెళ్ళు నాయనా," అన్నారు. "ఎవరి గుమ్మంలో రోలు బోర్లించి ఉందో చూసుకో."